కొత్తగా వచ్చే అసిస్టెంట్‌కి ఫైనాన్షియల్ ఎయిడ్ పని ఎలా నేర్పాలి?

మీరు న్యూజెర్సీలో ఒక ఇండిపెండెంట్ (ప్రైవేట్) స్కూల్లో ఆరేళ్ళుగా ఫైనాన్షియల్ ఎయిడ్ పని, అంటే పూర్తి ఫీజు కట్టలేని కుటుంబాలకు ఎంత తగ్గించాలో తేల్చే పని, ఒక్కరే చూస్తున్నానని రాశారు. ఆగస్టులో మీకు ఒక అసిస్టెంట్ వస్తోంది, ఇంతకుముందు బ్యాంకులో లోన్ల విభాగంలో చేసింది, అప్లికేషన్ల హడావిడి మొదలయ్యేలోపు ఆమెకు పని ఎలా నేర్పాలి అని అడిగారు.

నేను మసాచుసెట్స్‌లో పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఇప్పటికి ముగ్గురికి నేర్పాను. మొదటి ఆమెకు సరిగ్గా నేర్పలేకపోయాను, ఆ సంగతి కింద రాస్తాను.

మాన్యువల్‌తో మొదలుపెట్టకండి. మొదటి రోజే ఒక పాత ఫైలు చేతిలో పెట్టండి. మూడు నాలుగేళ్ళ కిందటిదైతే మంచిది. పేర్లు, అడ్రసు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు, ఎక్కడ పనిచేస్తారన్నది అన్నీ కొట్టేసి ఇవ్వండి. మీరప్పుడు ఎంత ఇచ్చారో చూపించొద్దు. "ఈ కుటుంబం ఏడాదికి ఎంత కట్టగలదు, ఎందుకు?" అని అడిగి, జవాబు కాగితం మీద రాయమనండి. అంకె కన్నా ఆ "ఎందుకు" దగ్గర ఏం రాసిందో జాగ్రత్తగా చదవండి. తర్వాత మీరప్పట్లో రాసుకున్న నోటు తీసి పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోండి. ఇలా పదిహేను ఫైళ్ళు చేస్తే, నెల రోజులు మాన్యువల్ చదివినా రాని చూపు వస్తుంది. నా అనుభవంలో ఎనిమిదో ఫైలుకో తొమ్మిదో ఫైలుకో వాళ్ళే ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. కొన్నిసార్లు మనం అప్పుడు తప్పు చేశామని కూడా పట్టుకుంటారు. పట్టుకుంటే ఒప్పుకోండి. అది చూశాకే వాళ్ళు ధైర్యంగా మాట్లాడతారు.

తల్లిదండ్రుల ఫారాలు తీసుకుని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లలో ఎస్ఎస్ఎస్ వాడినా, ఫ్యాక్ట్స్ వాడినా, క్లారిటీ వాడినా చివర్లో అది ఒక అంకె ఇస్తుంది, ఈ కుటుంబం ఇంత కట్టగలదని. కొత్తవాళ్ళకు ఆ అంకె చూడగానే పని అయిపోయిందనిపిస్తుంది. నిజానికి మన పని అక్కడ మొదలవుతుంది. తల్లిదండ్రులు ఫారంలో నింపినదాన్ని బట్టే అది వచ్చింది కదా. అలసిపోయి రాత్రి పదకొండింటికి ఫోన్లో నింపిన ఫారం అయినా సరే, అంకె మాత్రం అంతే గంభీరంగా కనిపిస్తుంది.

ప్రాక్టీసు కోసం నేను ఒక ఊహా ఫైలు తయారుచేసి పెట్టుకున్నాను. తల్లి ఒక క్లినిక్‌లో బిల్లింగ్ పని చేస్తుంది. తండ్రి సొంత ట్రక్కులో తిరుగుతూ ఏసీలు రిపేరు చేస్తాడు. తల్లి డబ్ల్యూ-2లో (యజమాని ఏడాదికోసారి ఇచ్చే జీతం కాగితం) బాక్స్ 1లో 62,000 డాలర్లు. తండ్రి షెడ్యూల్ సిలో (టాక్సు రిటర్నులో సొంత వ్యాపారం లెక్క రాసే ఫారం) ఖర్చులు పోగా లాభం 31,000. నేను నేర్పిన ముగ్గురూ మొదటిసారి ఈ రెండూ కూడి 93,000 అనే రాశారు.

అప్పుడు అదే డబ్ల్యూ-2లో బాక్స్ 5 మీద వేలు పెట్టి చూపిస్తాను. అక్కడ 71,500 ఉంటుంది. మధ్యలో 9,500 ఎక్కడికి పోయింది? బాక్స్ 12లో డి అనే అక్షరం పక్కన ఉంది. ఆమె 401కెలో, అంటే రిటైర్మెంటు ఖాతాలో, దాచుకున్న డబ్బు అది. దాన్ని కలపాలా వద్దా అన్నది స్కూలు ఇష్టం, మా దగ్గర కలుపుతాం. తర్వాత షెడ్యూల్ సి. 13వ లైనులో డిప్రిసియేషన్ 14,000. ఈ ఏడాది ఎవరి చేతికీ ఇచ్చిన డబ్బు కాదది, ట్రక్కు విలువలో తరుగు. 30వ లైనులో ఇంట్లో ఆఫీసు కింద 4,800. ఇంటి ఖర్చు మన లెక్కలో విడిగా ఒకసారి తీసేస్తాం కాబట్టి ఇక్కడ రెండోసారి తీసెయ్యకూడదు. ఇవన్నీ వెనక్కి కలిపితే మొత్తం 1,21,300 అవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇక్కడే ఆపితే మీ అసిస్టెంట్‌కు అనుమానించడం ఒక్కటే నేర్పినట్టవుతుంది. నేను మరుసటి రోజు ఇంకో కాగితం ఇస్తాను, ట్రక్కు లోను స్టేట్‌మెంటు. ఆ లోనుకు వడ్డీ మాత్రమే షెడ్యూల్ సిలో ఖర్చుగా కనిపిస్తుంది. అప్పు అసలు మొత్తం కింద కట్టేది అందులో కనిపించదు. ఆయన ఏడాదికి అసలు కింద 11,000 కడుతున్నాడు. అంటే మనం వెనక్కి కలిపిన 14,000లో ఆయన చేతిలో మిగిలింది 3,000 మాత్రమే. ట్రక్కు లేకపోతే ఆయనకు పనే లేదు. కాబట్టి ఆదాయం 1,10,300. ఒకే ఫైలుకు మూడు జవాబులు వచ్చాయి. మూడోది టాక్సు రిటర్నులో ఎక్కడా దొరకదు, ఫోన్ చేసి అడిగితేనే తెలుస్తుంది. ఈ ఒక్క ఫైలు మీద నేను రెండు రోజులు కూర్చోబెడతాను, తొందరపెట్టను.

బ్యాంకు అనుభవం మీకు పెద్ద ప్లస్, కాగితం చదవడం ఆమెకు వచ్చే ఉంటుంది. ఒకటి మాత్రం మార్చుకోవాలి. బ్యాంకులో ఆస్తి కనిపిస్తే ధైర్యం, అప్పు తిరిగొస్తుందని. ఇక్కడ అదే ఆస్తి వల్ల పిల్లాడికి ఎయిడ్ తగ్గుతుంది. అందుకే ఆ ఆస్తి నిజంగా వాడుకోగలిగినదేనా అని చూడాలి. క్రెడిట్ కార్డు అప్పు సంగతీ అంతే. మామూలు ఖర్చులకు చేసిన అప్పును మేం లెక్కలోకి తీసుకోం, ఆసుపత్రి బిల్లు కోసం చేసిన అప్పైతే తీసుకుంటాం. ఇంకొకటి, ఆమె ఇక్కడే కాలేజీ చదివి ఉంటే ఫైనాన్షియల్ ఎయిడ్ అనగానే ఫాఫ్సా, అంటే కాలేజీ చదువుకు ఫెడరల్ సాయం అడిగే ఫారం, గుర్తొస్తుంది. మనకు దానితో పనిలేదని మొదటి వారమే చెప్పండి. ఇది ఫెడరల్ డబ్బు కాదు, ఎవరు అర్హులన్నది చాలావరకు స్కూలు పెట్టుకున్న నియమమే.

ఇక మనవాళ్ళ ఫైళ్ళు. మీ ఊళ్ళో తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి, మీ అసిస్టెంట్ తెలుగమ్మాయి కాకపోతే ఇవి మీరు విడిగా నేర్పక తప్పదు. కొన్ని స్కూళ్ళలో ఇద్దరిలో ఒకరు ఉద్యోగం చెయ్యకుండా ఇంట్లో ఉంటే, చేస్తే ఇంత వచ్చేది అని ఊహించి ఆదాయంలో కలుపుతారు. హెచ్-1బి ఉద్యోగం మీద ఉన్న భర్తతో వచ్చి హెచ్-4 వీసా మీద ఉన్న తల్లి విషయంలో అలా కలపడం అన్యాయం. వర్క్ పర్మిట్ లేకుండా ఆమె ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఆ పర్మిట్ 2015 నుంచి ఇస్తున్నారు, కానీ హెచ్-4 వాళ్ళందరికీ కాదు. గ్రీన్ కార్డు దారిలో భర్త కేసు ఒక మెట్టు దాటాలి. చదువుకున్న ఇల్లాలు ఏళ్ళ తరబడి ఖాళీగా కూర్చోవలసి రావడమే ఒక బాధ, దాని మీద లేని జీతం రాసి ఎయిడ్ తగ్గించకూడదు.

రెండోది పొలం. ఒక తండ్రి ఫారంలో నిజాయితీగా "ఇండియాలో మూడెకరాలు" అని రాశాడు. అప్పట్లో మా ఆఫీసులో ఉన్న సహోద్యోగి దాన్ని రియల్ ఎస్టేట్ కింద వేసి ఎయిడ్ దాదాపు సగానికి తగ్గించింది. అది తాతల నాటి భూమి. అన్నదమ్ములు ముగ్గురికీ ఉమ్మడి, ఇంకా పంపకాలు కాలేదు. వాళ్ళమ్మ ఆ పొలం మీద వచ్చే కౌలుతోనే బతుకుతోంది. మసాచుసెట్స్‌లో ఫీజు కట్టడానికి ఆ భూమి అమ్మమని అడిగినట్టయింది మన ఉత్తరం. ఎవరికెంత ఎయిడ్ ఇవ్వాలో తేల్చే కమిటీలో నేను లేచి ఉమ్మడి ఆస్తి అంటే ఏమిటో పది నిమిషాలు చెప్పాల్సి వచ్చింది. మార్చారు, సంతోషం. అదే సమయంలో రెండో వైపు కూడా నేర్పండి. టాక్సు రిటర్నులో వడ్డీ, డివిడెండ్లు రాసే షెడ్యూల్ బి చివర మూడో భాగంలో విదేశాల్లో ఖాతాలున్నాయా అని అడుగుతుంది. అక్కడ అవును అని ఉండి, ఫారంలో ఇండియా ఎఫ్‌డీల మాటే లేకపోతే మర్యాదగా అడగాలి. చాలామంది దాచాలని కాదు, అమెరికా ఆస్తులే అడుగుతున్నారనుకుని వదిలేస్తారు.

మూడోది ఇంటికి పంపే డబ్బు. నెలనెలా అమ్మానాన్నల మందులకు పంపే నాలుగు వందలో ఐదు వందలో టాక్సు రిటర్నులో ఎక్కడా కనిపించదు. మనవాళ్ళు దాన్ని ఖర్చు అని కూడా అనుకోరు, అడగందే చెప్పరు. అందుకని మా కొత్తవాళ్ళకు ఒక ప్రశ్న అలవాటు చేశాను: "మీ ఇంట్లో లేనివాళ్ళని ఎవరినైనా పోషిస్తున్నారా?" మెక్సికో కుటుంబాలకు, హైతీ కుటుంబాలకు కూడా ఈ ప్రశ్న అంతే ఉపయోగపడింది.

ఇప్పుడు మొదటి ఆమె సంగతి. లెక్కల్లో చాలా చురుకు. ఆ ఉత్సాహంలో నేను లెక్కలే నేర్పాను. జనవరిలో ఒక తల్లి ఫోన్ చేసింది, రెండు ఉద్యోగాలు చేసుకునే ఒంటరి తల్లి. మా అసిస్టెంట్ అమ్మాయి స్క్రీన్ మీద అంకె చూసి, "మీ ఆదాయానికి ఎయిడ్ రాదండీ" అనేసింది. ఆ ఫైలు ఇంకా పూర్తి కాలేదు. ముందు ఏడాది ఉద్యోగంలో వచ్చిన ఓవర్‌టైం ఇప్పుడు లేదన్న ఉత్తరం ఇంకా మాకు చేరలేదు. ఆ తల్లి "థాంక్యూ" అని ఫోన్ పెట్టేసింది. రెండు రోజుల తర్వాత అప్లికేషన్ వెనక్కి తీసుకుంది. నేను మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. లెక్క ప్రకారం ఆ పిల్లకు సగానికి పైగా ఫీజు మాఫీ అయ్యేది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఫోన్లో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది నేను. ఆ పిల్ల ఇంటర్వ్యూ రోజు మా లైబ్రరీలో నేల మీద కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే చూశాను. ఇప్పటికీ గుర్తొస్తుంది.

అప్పటి నుంచి సెప్టెంబరు నెలంతా ఫోన్ ప్రాక్టీసే. నేను పక్క గదిలోంచి తల్లిలా, తండ్రిలా ఫోన్ చేస్తాను. కోపంగా, ఏడుస్తూ, మొహమాటపడుతూ, ఒక్కోసారి "పక్కింటివాళ్ళకి ఎంతిచ్చారు?" అని నిలదీస్తూ. ఫైలు పూర్తి కాకుండా ఎంతొస్తుందో చెప్పకూడదు, వస్తుందనీ రాదనీ అనకూడదు. "ఈ కాగితం ఇంకా రావాలి, వచ్చాక కమిటీ చూస్తుంది, మార్చి 10న ఉత్తరం వస్తుంది" అని చెప్పడం రావాలి. మా వైపు చాలా స్కూళ్ళు మార్చి 10నే ఉత్తరాలు పంపుతాయి, మీ తేదీ మీరు పెట్టుకోండి. అవతలివాళ్ళు ఏడిస్తే మాటల్తో ఆపకుండా ఆగడం కూడా నేర్పాలి. అది కష్టం, పదిసార్లు చేస్తేగానీ రాదు.

విడాకులైన కుటుంబాల గురించి క్లుప్తంగా. ఇద్దరి దగ్గరా విడివిడిగా ఫారం తీసుకోండి. "కోర్టు తీర్పులో ఫీజు తల్లే కట్టాలని ఉంది" అని తండ్రి అంటే, ఆ తీర్పు వాళ్ళిద్దరి మధ్యదని, స్కూలు ఇద్దరి స్తోమతా చూస్తుందని నెమ్మదిగా చెప్పడం నేర్పండి.

బడ్జెట్ కూడా మొదట్లోనే చూపించండి. ఎక్కడో ఒక ఫండ్ ఉంది, అందులోంచి తీసి ఇస్తామనుకుంటారు. చాలా స్కూళ్ళలో ఎయిడ్‌లో ఎక్కువ భాగం వసూలు చెయ్యకుండా వదులుకున్న ఫీజే. ఆరో తరగతిలో చేరే పిల్లకు 20,000 ఇచ్చామంటే పన్నెండు దాకా ఏడేళ్ళకు 1,40,000, ఫీజు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మధ్యలో చెయ్యి వదిలెయ్యలేం. ఈ లెక్క ఆమె స్వయంగా వెయ్యాలి.

నోట్స్ విషయంలో గట్టిగా ఉండండి. సాఫ్ట్‌వేర్ అంకె నుంచి ఒక్క డాలరు పక్కకు జరిగినా ఎందుకో రెండు వాక్యాలు ఫైల్లో రాయాలి. 1975లో ఐఆర్ఎస్ (అమెరికా టాక్సు శాఖ) ఇచ్చిన రెవెన్యూ ప్రొసీజర్ 75-50 ప్రకారం, టాక్సు మినహాయింపు ఉన్న ప్రైవేట్ స్కూళ్ళు జాతి వివక్ష లేకుండా ఎయిడ్ ఇస్తున్నామని చూపించే రికార్డులు కనీసం మూడేళ్ళు ఉంచాలి. చట్టం సంగతి అలా ఉంచినా, వచ్చే ఏడు అదే కుటుంబం మళ్ళీ వచ్చినప్పుడు ఆ రెండు వాక్యాలే దిక్కు.

గోప్యత గురించి మీకు నేను చెప్పాలా అనుకున్నాను, కానీ మన ఊళ్ళ సంగతి తెలుసు కదా. గుళ్ళోనో పుట్టినరోజు ఫంక్షన్లోనో ప్లేటు పట్టుకుని పక్కన నిలబడి "మా వాడి సంగతి కాస్త చూడమ్మా" అంటారు. నేను ఒకటే చెబుతాను, "అన్నయ్యా, మీ ఫైలు నేను చూడను, వేరేవాళ్ళు చూస్తారు". తెలిసినవాళ్ళ ఫైలు నిజంగానే పక్కవాళ్ళకు ఇచ్చేస్తాను. ఇన్నాళ్ళూ మీరొక్కరే కాబట్టి మీకు ఆ వీలు లేదు, ఇప్పుడు వచ్చింది. మీ ఇద్దరికీ వర్తించేలా ఈ నియమం మొదటి రోజే పెట్టుకోండి.

మొదటి ఏడాది ఆమెకు కొత్త అప్లికేషన్లు ఇవ్వకండి, పాత కుటుంబాల రెన్యువల్స్ ఇవ్వండి. పోయినేటి ఫైలు పక్కనే ఉంటుంది కాబట్టి ఏం మారిందో తనే వెతుక్కుంటుంది. మార్చిలో ఉత్తరాలు వెళ్ళాక వారం రోజులు మీ గదిలోనే ఇంకో కుర్చీ వేయించండి. ఫోన్లు మీరు మాట్లాడండి, ఆమె వింటుంది. రెండో వారం కుర్చీలు మార్చుకోండి.