కొత్త ఆటలకు పాత కంప్యూటర్ చాలదా?

ప్రశ్న: 2020లో వాయిదాల మీద కంప్యూటర్ కొన్నాను. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, ఒకటే 8 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కు ఉన్నాయి. కొత్త ఆట ఏది పెట్టినా ఆగి ఆగి నడుస్తోంది. ఎండాకాలంలో మరీ ఘోరం. రిపేరు షాపులో చూపిస్తే మొత్తం మార్చేయాలన్నారు. ఇంత డబ్బు పోసి కొన్నది ఇంత త్వరగా పనికిరాకుండా పోతే ఎలాగండీ?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: మీ బాధ న్యాయమైనదే. అయితే ప్రాసెసర్‌నూ బోర్డునూ ఇప్పుడు మార్చనక్కరలేదని నా గట్టి అభిప్రాయం. మీ బోర్డులో ప్రాసెసర్ అమరే ఏఎం4 సాకెట్‌ను ఏఎండీ సంస్థ 2016లో తెచ్చింది. బోర్డును నడిపించే మూల సాఫ్ట్‌వేర్ బయోస్‌ను అప్‌డేట్ చేసుకుంటే 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్ కూడా అందులోనే అమరుతుంది. అదే దాని తర్వాతి సాకెట్ ఏఎం5కు మారితే, అది డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్‌ను మాత్రమే తీసుకుంటుంది కనుక బోర్డుతోపాటు ర్యామ్ కూడా కొత్తగా కొనాలి.

మీరు ముందుగా అనుమానించవలసింది ర్యామ్‌ను. 16 జీబీ అడిగే ఆటలు ఇప్పుడు సర్వసాధారణం. ఉన్న 8 జీబీ నిండగానే విండోస్ కొంత సమాచారాన్ని డిస్కు మీదికి తరలిస్తుంది. అది హార్డ్ డిస్కు అయినప్పుడు, ఆ సమాచారం తిరిగి వచ్చేదాకా ఆట నిలిచిపోతుంది. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ, డిస్కు అంకెలు చూస్తే ఇది మీకే తెలుస్తుంది. అదే రకం, అదే వేగం గల మరో 8 జీబీ ర్యామ్ జోడిస్తే సామర్థ్యం రెట్టింపు కావడమే కాక, ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు దారులూ (చానెళ్లూ) కలిసి పనిచేసి ప్రాసెసర్‌కు డేటా వేగంగా అందుతుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో పక్కపక్కన పెట్టిస్తే ఆ లాభం దక్కకపోవచ్చు కనుక బోర్డు పుస్తకం చూసి పెట్టించండి. ఆటలను హార్డ్ డిస్కు కన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలోకి మార్చుకోండి.

ఇక వేడి సంగతి. 3600 ప్రాసెసర్‌కు ఏఎండీ చెప్పిన హద్దు 95 డిగ్రీలు. ఆ హద్దుకు చేరితే అది తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మీ పేటలో తేమకు దుమ్ము ఫ్యాన్ రెక్కలకు అట్టకడుతుంది, కిటికీ ఊచలకు తుప్పు పట్టించే ఉప్పుగాలి లోపలి లోహపు భాగాలనూ వదలదు. కంప్యూటర్‌ను కిటికీకి దూరంగా జరిపి, లోపల శుభ్రం చేయించి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ పేస్ట్ కొత్తగా వేయించండి. కొత్త కార్డు ధరతో పోలిస్తే ఈ ఖర్చు చాలా తక్కువే.

2019లో వచ్చిన మీ కార్డుకు 4 జీబీ మెమరీయే అసలు ఇబ్బంది. టెక్స్‌చర్లు (బొమ్మల ఉపరితల వివరాలు) తగ్గించి, బొమ్మను చిన్నగా గీసి పెద్దదిగా చూపి వేగం పెంచే ఎఫ్‌ఎస్‌ఆర్ ఆటలో ఉంటే వాడుకోండి. దాని పాత వెర్షన్లు ఈ కార్డు మీదా పనిచేస్తాయి. కానీ 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ వంటి ఆటలు వెలుగునీడలను నిజంగా ఉన్నట్టు లెక్కగట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్‌ను తప్పనిసరి చేశాయి, మీ కార్డులో అది లేదు. మధ్యతరగతి ఆటగాళ్లకు ఇది అన్యాయమనే నేననుకుంటాను. అలాంటి ఆటలే ఆడాలనుకుంటే ఆర్‌ఎక్స్ 6600 వంటి 8 జీబీ కార్డు చూడండి. దానికి 132 వాట్ల విద్యుత్తు, విడిగా 8 పిన్ కనెక్షన్ అవసరం కనుక, డబ్బు కట్టకముందే మీ పవర్ సప్లైలో ఆ వైరు ఉందో లేదో చూసుకోండి.