పొద్దున్నే ఆకలి వేయని పిల్లలు

ఎనిమిదేళ్ల మీ అబ్బాయి ఉదయం ఏమీ తినకుండా బడికి వెళ్తున్నాడనీ, ఏ టానిక్ వాడితే ఆకలి పుడుతుందనీ అడిగారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో చాలాకాలం బడిపంతులుగా పనిచేసినవాడిగా నా అభిప్రాయం చెబుతాను: ఆ ఆకలి ఉదయం పోయింది కాదు, ముందు రాత్రే పోయింది.

వేసవిలో మా ఒడిశా బడులు ఆరున్నరకే మొదలవుతాయి. ఒక ఏప్రిల్ ఉదయం ప్రార్థనలో నాలుగో తరగతి పిల్లవాడొకడు కళ్లు తిరిగి కూలబడ్డాడు. నీడకు తీసుకువెళ్లి నీళ్లు తాగించి, ఏం తిన్నావని అడిగితే, జేబులోంచి ఎర్రటి మసాలా అంటిన ఖాళీ ప్యాకెట్ తీసి చూపించాడు. కబురు పెడితే వచ్చిన తల్లి, “తినమంటే కడుపులో తిప్పుతాదంటాడు మాస్టారూ, నానేటి సేసేది?” అని వాపోయింది. రాత్రి ఎప్పుడు తిన్నాడని అడిగాను. తండ్రి దుకాణం కట్టేసి వచ్చేసరికి పదిన్నర దాటుతుందట, అందరూ కలిసే తింటారట, అంతవరకూ వాడి చేతిలో ఫోను ఉంటుందట. పదకొండున్నరకు పడుకున్నవాణ్ణి ఐదున్నరకు లేపితే నిద్ర 6 గంటలే. ఆ వయసు పిల్లలకు కనీసం 9 గంటలు కావాలని వైద్యులు చెబుతారు. నిద్ర చాలక, రాత్రి తిన్నది కడుపులో బరువుగా ఉండగానే ఇడ్లీ పెడితే ఎవరికి సహిస్తుంది? తండ్రి కోసం ఆగకుండా ఏడున్నరకే వాడికి అన్నం పెట్టి, ఫోను దాచి పడుకోబెట్టమన్నాను. సెలవుల తర్వాత బడి తెరిచేసరికి ఆ పిల్లవాడు చోడి (రాగి) అంబలి తాగి వస్తున్నాడు. ఒక్కడిని చూసి అందరికీ చెబుతారా అంటారేమో, ఆ తర్వాత నేను అడిగిన ప్రతి ఇంట్లోనూ ఇదే కథ.

అంబలి మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో అందులో ఇరవయ్యో వంతైనా ఉండదు. చుట్టుపక్కల కొండల్లో సవర గిరిజనులు తాగే అంబలిని పట్నంలో మనవాళ్లు చిన్నచూపు చూశారు. ఇప్పుడు అదే పిండికి చాక్లెట్ కలిపి రంగు డబ్బాలో పోస్తే, అడిగినంత ఇచ్చి కొంటున్నారు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టిందంటే, తినేవాళ్లు తగ్గిపోబట్టే కదా!

ఇక ఆ ప్యాకెట్ల సంగతి. ఉప్పు, కొవ్వు, చక్కెర మితిమీరిన తిండిని బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నాటి కేంద్ర ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. నేను చూసిన బడ్డీలు మాత్రం గోడకు ఆనుకునే ఉంటాయి, అక్కడ ఖాతా పెట్టుకున్న ఉపాధ్యాయులనూ చూశాను.

కాబట్టి మొదట మీ అబ్బాయి రాత్రి భోజనం వేళ మార్చండి. కొన్ని వారాలు గడిచినా వాడికి తిండి సహించకపోతే, లేదా చిక్కిపోతూ పాలిపోతూ ఉంటే, టానిక్ కొనకుండా పిల్లల వైద్యుడికి చూపించండి. నులిపురుగులున్నా ఆకలి మందగిస్తుంది గనుక, బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చే రోజున వాడిని ఇంట్లో ఉంచేయకండి.