38 ఏళ్లకి కమ్యూనిటీ కాలేజీ నుంచి ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా?

హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వీసా వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే వర్క్ పర్మిట్ కార్డు) ఉంది, కమ్యూనిటీ కాలేజీలో (అంటే రెండేళ్ల కోర్సులుండే కాలేజీ) అకౌంటింగ్ సర్టిఫికెట్ చేస్తున్నాను, పదేళ్ల గ్యాప్ చూసి ఎవరైనా తీసుకుంటారా అని అడిగారు కదండీ. తీసుకుంటారు. నన్ను 41 ఏళ్లకి తీసుకున్నారు. కాకపోతే ఆరు నెలలు తప్పుడు చోట వెతికాను.

గుంటూరులో బీకాం చేసి, పెళ్లయ్యాక డాలస్ వచ్చి పన్నెండేళ్లు ఇంట్లోనే ఉన్నాను. మొదట పెద్ద కంపెనీలకి అరవై దాకా అప్లికేషన్లు పెట్టాను. నేను చూసినవి దాదాపు అన్నీ నాలుగేళ్ల డిగ్రీ పిల్లల కోసం పెట్టినవే. ఈలోగా ఒక కన్సల్టెన్సీ అతను ఫోన్ చేసి, "ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టేద్దాం మేడమ్, ఇంటర్న్‌షిప్ ఎందుకు మీకు" అన్నాడు. అబద్ధమెందుకు, రెండు రోజులు ఊగిసలాడాను. మావారు గట్టిగా వద్దన్నారు.

నాకు కలిసొచ్చింది వీటా. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి వాలంటీర్లు ఉచితంగా టాక్స్ రిటర్నులు చేసిపెట్టే ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) కార్యక్రమం ఇది, 1969 నుంచి నడుస్తోంది. ట్రైనింగ్ ఆన్‌లైన్లో ఉచితం, పరీక్ష పుస్తకం చూసి రాయొచ్చు. మా కమ్యూనిటీ కాలేజీ ప్రొఫెసర్ క్లాసులో చెబితే చేరాను. నా మొదటి రిటర్ను ఒక పెద్దాయనది, కాగితాలన్నీ కిరాణా కవర్లో పట్టుకొచ్చాడు. జీతం, టాక్స్ వివరాలతో కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 కాగితంలో రెండో గడిలో ఉండే ఫెడరల్ టాక్స్ బదులు నాలుగో గడిలోని సోషల్ సెక్యూరిటీ టాక్స్ అంకె కొట్టేశాను. వీటాలో ప్రతి రిటర్నునీ ఇంకొకరు సరిచూడాల్సిందే. ఆ చూసే ఆవిడ ఏమీ అనకుండా ఆ గడి మీద వేలు పెట్టి ఊరుకుంది. ఏప్రిల్‌కల్లా నేనే కొత్తవాళ్లకి చూపిస్తున్నాను.

తనకి తెలిసిన చిన్న సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) ఆఫీసుకి మరుసటి సీజన్లో నన్ను పంపింది ఆవిడే. అక్కడ గ్యాప్ గురించి అడగనే లేదు. మార్చి 15 బిజినెస్ రిటర్నుల గడువు ముందు సాయంత్రం ఏడు దాకా ఉండగలవా అన్నారు. మూడున్నరకి పిల్లలు బస్సు దిగుతారు, కుదరదన్నాను. అయితే పొద్దున ఎనిమిదికే రమ్మన్నారు. వారానికి 15 గంటలు, జీతంతో.

కాలేజీలో కో-ఆప్ కోర్సు ఉందేమో కూడా అడగండి. ఇంటర్న్‌షిప్‌కి క్రెడిట్లు వస్తాయి, కానీ వాటికీ ఫీజు మనమే కట్టాలి. సెమిస్టర్ మొదలయ్యాక వెళితే రిజిస్ట్రేషన్ అయిపోయిందంటారు, నాకు ఒకసారి అలాగే అయింది.

మీకు ఈఏడీ ఉంది కాబట్టి జీతం తీసుకోవచ్చు. కార్డు గడువు మాత్రం ముందే చూసుకోండి. ఈఏడీ లేని హెచ్4 వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, "జీతం లేదు కదా" అని ప్రైవేటు ఆఫీసులో పనికి కూర్చోవద్దు. అదీ చిక్కే, ముందు లాయర్ని అడగండి.

వీటా వాలంటీర్లని మా దగ్గర నవంబర్లోనే పోగుచేస్తారు. జనవరి దాకా ఆగకుండా ఈ వారమే మీ ప్రొఫెసర్‌ని కదపండి.