హియెరోన్ నిరంకుశుడా? పిండార్ ఆస్థాన కవా?

సందేహం: ప్రాచీన గ్రీకు కవి పిండార్ గురించి ఒక వ్యాసంలో ‘నిరంకుశుడు హియెరోన్ ఆస్థాన కవి పిండార్’ అని చదివాను. నిరంకుశుడంటే క్రూరుడనే కదా, మరి కవి ఆయన్ను అంతగా ఎలా పొగిడాడు? ఈ మాటలు సరైనవేనా?

సమాధానం: రెండు మాటలూ అక్కడ పొసగవు. నిరంకుశుడంటే అంకుశం లేనివాడు, అదుపు చేసేవాళ్లెవరూ లేనివాడు, అంతే. ‘నిరంకుశాః కవయః’ అని మనవాళ్లు కవుల్నే అన్నారు. కానీ ఇవాళ పేపర్లో ఆ మాట చూస్తే ఎవరికైనా జనాన్ని పీడించేవాడే గుర్తొస్తాడు, వ్యుత్పత్తి చూపించి ఆ వాడుకను కాదనలేం. బదులుగా ‘నియంత’ అందామన్నా అంతే, అమరకోశంలో అది సారథికి పేరు, ఇప్పుడు బండి తోలేవాణ్ణి నియంత అంటామా?

ఇక్కడ నిరంకుశుడని తెలుగు చేసిన గ్రీకు మాట ‘తురన్నోస్’. వంశాచారంతో పని లేకుండా అధికారం చేతిలోకి తీసుకున్న ఏలిక అని. పిండార్ నాటికి అది ఇంకా పూర్తిగా తిట్టు కాలేదు. హియెరోన్ తన అన్న గెలోన్ తరవాత క్రీ.పూ. 478 నుంచి 467 దాకా సిసిలీలోని సిరక్యూజ్‌ను ఏలాడు. 476లో ఒలింపియాలో ఆయన గుర్రం ఫెరెనికోస్ గెలిచినప్పుడు కట్టిన గీతంలో పిండార్ ఆయన్ను ‘బసిలెవుస్’, అంటే రాజు, అన్నాడు. డెల్ఫీలో జరిగే పైథియన్ క్రీడల పేరుతో ఉన్న గీతాల్లో మూడోదానిలోనైతే రాజు అనీ అన్నాడు, తురన్నోస్ అనీ అన్నాడు. జబ్బుపడ్డ హియెరోన్‌ను ఓదారుస్తూ రాసిన గీతం అది, అందులో ఎవరైనా తిట్టు పెడతారా?

ఇక ఆస్థాన కవి అంటే రాయల కొలువులో పెద్దనలా సభలో స్థానం ఉన్నవాడు. పిండార్ థీబ్స్ కవి. అదే 476లో సిసిలీలోనే ఉన్న అక్రగాస్ నగరపు ఏలిక థేరోన్‌కూ, తరవాత ఆఫ్రికా తీరాన సైరీన్ రాజు అర్కెసిలాస్‌కూ గీతాలు కట్టాడు. హియెరోన్ వైపు చూసినా అంతే, ఫెరెనికోస్ గెలుపు మీదే బాకిలిదేస్ అనే మరో కవి చేత ఇంకో గీతం కట్టించుకున్నాడు.

పొగిడిన మాట నిజమే, అయితే 470 నాటి రథపు పందెం గీతం చివర్లో, అబద్ధం లేని దాగలి మీద నీ నాలుకను సాగగొట్టు అని ఆ ఏలికకే చెప్పాడు, మనుషుల్ని కంచు ఎద్దులో పెట్టి కాల్చిన ఫలారిస్‌కు ఎలాంటి పేరు మిగిలిందో కూడా గుర్తుచేశాడు. నాకు ఆ కవి మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఒకరి కొలువుకు కట్టుబడ్డ మనిషి అన్న అర్థం వచ్చే మాట ఆయనకు తగిలించడం అన్యాయం.

కాబట్టి ‘సిరక్యూజ్ ఏలిక హియెరోన్ విజయాల మీద గీతాలు కట్టిన థీబ్స్ కవి పిండార్’ అని రాస్తే చాలు.