ఈమ్ ఊళ్లో కారు లేకుండా కాపురం ఉండొచ్చా?

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది, దగ్గర్లోని ఈమ్ ఊళ్లో ఇల్లు చూశాం, కారు లేదు, ఇద్దరు చిన్నపిల్లలు, ఉండగలమా అని అడిగారు. ఆరేళ్లు షెఫీల్డ్‌లో ఉన్నాను, సెలవు దొరికితే ఆ ఊరే వెళ్లేదాన్ని. కారు కొనేదాకా అక్కడ ఇల్లు తీసుకోవద్దండి.

ఊరు చిన్నది, 2011 లెక్కల్లో 969 మంది. ప్రైమరీ స్కూలు, చర్చి, పబ్బు, టీ తాగే చోటు ఉన్నాయి. హైస్కూలుకి పక్క ఊళ్లకు పంపాలి. కరివేపాకు కావాలన్నా షెఫీల్డే దిక్కు.

రైలు ఈమ్ దాకా రాదు. దగ్గరి స్టేషన్ గ్రిండిల్‌ఫర్డ్. షెఫీల్డ్ నుంచి పావుగంట, అందులో ఐదు కిలోమీటర్లకు పైగా టాట్లీ సొరంగం. చీకట్లోంచి బయటపడగానే స్టేషన్ వచ్చేస్తుంది. అసలు కష్టం ఆ తర్వాతే, ఈమ్‌కి ఇంకా ఐదారు కిలోమీటర్లు, చాలావరకు ఎక్కుడే. బస్సులున్నాయి కానీ సాయంత్రమైతే పలచబడతాయి. ఒక నవంబరులో మేం ఎక్కాల్సిన చివరి బస్సు రాలేదు. నాలుగున్నరకే చీకటి పడింది. వర్షంలో మా పాప నా కోటు అంచు పట్టుకుని ఏడుస్తుంటే, టాక్సీ కోసం గంటకు పైగా నిలబడ్డాం. చిన్నపిల్లలున్నారు కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఊరి చరిత్ర మాత్రం తెలుసుకుని తీరాలి. 1665లో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. తడిగా ఉందని పనివాడు జార్జ్ వికర్స్ దాన్ని మంట దగ్గర ఆరబెట్టాడు. అందులోని గోమార్ల వల్లే, అంటే రక్తం పీల్చే చిన్న పురుగుల వల్లే, ప్లేగు పాకిందంటారు. సెప్టెంబరులో మొదట పోయింది అతనే. మరుసటి జూన్‌లో మతాధికారి విలియం మాంపెసన్, అంతకు ముందు అదే పదవిలో ఉండి తీసేయబడ్డ థామస్ స్టాన్లీ, పడనివాళ్లైనా కలిసి ఊరివాళ్లను ఒప్పించారు: ఎవరూ పొలిమేర దాటకూడదని. దాదాపు 260 మంది పోయారని చెప్తారు. ఎలిజబెత్ హాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పాతిపెట్టింది. ఆ సమాధులు ఊరి బయట కొండవాలు మీద ఇప్పటికీ ఉన్నాయి.

స్టోనీ మిడిల్టన్ వైపు కాలిబాటలో పావుగంట నడిస్తే సరిహద్దు రాయి కనిపిస్తుంది. దాని మీద గుంటలుంటాయి. డబ్బుతో రోగం పోకూడదని ఈమ్‌వాళ్లు వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవాళ్లు, బయటివాళ్లు తిండి పెట్టి ఆ డబ్బులు తీసుకెళ్లేవాళ్లు. గుంటల అంచులు మన రోటి అంచుల్లా నున్నగా అరిగిపోయాయి. మా పాప వేలు పెట్టి తడిమి చూసింది. 2020 మార్చిలో మా ఊరి దారికి ముళ్లకంప అడ్డం వేశారని అమ్మ ఫోన్‌లో చెప్పగానే నాకు ఆ రాయే గుర్తొచ్చింది. మనవాళ్లు రోగం లోపలికి రాకుండా కంప వేశారు. వీళ్లు తమ రోగం పక్క ఊరికి పోకూడదని తమకు తామే కంప వేసుకున్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆగస్టు ఆఖరి ఆదివారం వాళ్ల జ్ఞాపకార్థం ప్రార్థన ఉంటుంది, వీలైతే ఆ రోజు వెళ్లండి. ఇల్లు ఖాయం చేసుకునే ముందు మాత్రం డిసెంబరులో ఒక సాయంత్రం పిల్లలతో బస్సులో వెళ్లి, మళ్లీ బస్సులోనే తిరిగి రండి.