సలామీ పళ్లెం కోసం చీటీ ఆపాలా?

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. జీతం 42 వేలు, నెలకు 5 వేలు చీటీ కడుతున్నాను. డిసెంబర్ 31 రాత్రి మా ఇంటికి స్నేహితులొస్తారు, నాతో కలిపి 12 మందిమి. షార్కుటరీ బోర్డు పెడదామనుకుంటున్నాం, అదే, ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసాలూ రకరకాల చీజ్‌లూ ఒకే పళ్లెంలో. తర్వాత బిర్యానీ కూడా ఉంది, నలుగురు మాంసం ముట్టరు. లిస్టు వేస్తే 18,600 అయింది. కార్డు మీద ఆరు నెలల ఈఎంఐ పెట్టనా, ఈ నెల చీటీ ఆపనా?

జవాబు: రెండూ వద్దండి. చీటీ ఒక నెల తప్పితే చాలాచోట్ల ఆ నెల డివిడెండ్ పోతుంది, పైన అపరాధ వడ్డీ. ఇక ఈఎంఐ అంటారా, ఒక్క రాత్రిలో తినేసినదానికి జూన్ దాకా కట్టుకుంటూ పోవాలి. నో కాస్ట్ అని రాసి ఉన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం సాధారణంగా పడతాయి.

అసలు తప్పు మీ లిస్టులోనే ఉంది. మాంసం ఒకటిన్నర కిలో 7,800, చీజ్ రెండు కిలోలు 6,400, టేకు బోర్డు 2,400, బిస్కట్లు, ఆలివ్‌లు, డ్రైఫ్రూట్స్ 2,000. తర్వాత బిర్యానీ కూడా ఉందని మీరే రాశారు, నలుగురు మాంసం ముట్టరనీ రాశారు. అంటే ఎనిమిది మందికి ఒకటిన్నర కిలో! భోజనానికి ముందు చిరుతిండిగా అయితే మనిషికి 50 గ్రాముల మాంసం, 50 గ్రాముల చీజ్ చాలు. మాంసం 400 గ్రాములు, చీజ్ 600 గ్రాములు, మీ రేట్ల ప్రకారమే 2,080, 1,920. బోర్డు కొనకండి, ఇంట్లో చపాతీ పీటో పెద్ద స్టీల్ పళ్లెమో ఉంటుంది కదా. పక్కన పెట్టేవాటికి వెయ్యి: వేయించిన వేరుశనగలు, జామకాయ ముక్కలు, ద్రాక్ష, కాస్త చిత్తూరు బెల్లం (గట్టి చీజ్‌తో బెల్లం ఎంత బాగుంటుందో తిని చూడండి). మొత్తం 5 వేలు.

ఇటలీ పర్మా హామ్ ఎందుకంత ఖరీదంటే, పంది తొడకు ఉప్పు పట్టించి ఏడాదికి పైగా వేలాడదీస్తారు. అంతకాలం ఇరుక్కున్న పెట్టుబడి వడ్డీ, మీద దిగుమతి సుంకం, అన్నీ మన బిల్లులోకే వస్తాయి. సరదాకి ఒక చిన్న ప్యాకెట్ తీసుకోండి, మిగతాది చికెన్ సలామీతో (మసాలా కలిపి బిళ్లలుగా కోసే మాంసం) కానిచ్చేయండి. పల్చటి సలామీ బిళ్లలను గాజు గ్లాసు అంచు చుట్టూ, సగం లోపలికి సగం బయటికి మడుస్తూ రెండు మూడు వరసలు పెట్టి, గ్లాసు బోర్లించి తీస్తే గులాబీ పువ్వులా నిలబడుతుంది. అంత పువ్వు చూశాక పళ్లెంలో సరుకు తక్కువుందని ఎవరికీ అనిపించదు.

చీజ్ కొనేముందు ఆకుపచ్చ చుక్క చూడండి, అసలు పర్మెజాన్ దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తో (పాలను విరిచి గడ్డకట్టించేది) చేస్తారు, మీ శాకాహారులు తినరు. బ్రీ అనే మెత్తటి చీజ్ పెడితే దాని మీది తెల్ల పొర కూడా తినేదేనని ముందే చెప్పండి, మా బావమరిది బూజు పట్టిందనుకుని మొత్తం గీకి పారేశాడు, అందులో సగం నా డబ్బు.

చీజ్ అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి, మాంసం మాత్రం చివర్లో. మొదట సగమే సర్దండి. ఫ్రిజ్‌లో మిగిలింది మర్నాడు శాండ్‌విచ్‌లోకి పనికొస్తుంది, రెండు గంటలు దాటి బయట ఉన్నది పారేయాల్సిందే.

ఇక పంపకం. చీజ్, పళ్లు, పప్పులు అందరివీ కాబట్టి 2,920ని 12 మంది పంచుకోండి, తలకు 243. మాంసం ఎనిమిది మందిదే, వాళ్లకు ఇంకో 260. శాకాహారుల చేత సలామీకి డబ్బు కట్టించకండి, పైకి అనరుగానీ మనసులో పెట్టుకుంటారు. మీ వాటా 503, చీటీ మామూలుగా కట్టేయొచ్చు. డబ్బులు మాత్రం 30వ తేదీలోపే ఫోన్‌లో వేయించుకోండి, జనవరి 1న అడిగితే ఒక్కడూ ఫోనెత్తడు.