అమ్మాయిని ఎక్స్‌ఎంఎల్ ప్రాజెక్టులో వేశారు, మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించాలా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి 2024లో బీటెక్ అయింది, హైదరాబాద్‌లో బ్యాంకు పేమెంట్స్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో చేరి ఎనిమిది నెలలు. పొద్దస్తమానం ఎక్స్‌ఎంఎల్, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అంటోంది. అది ఎప్పుడో చచ్చిపోయిన టెక్నాలజీ అని మా బంధువులబ్బాయి అన్నాడు. అమీర్‌పేటలో లక్షా ఇరవై వేలకి మూడు నెలల జెన్ ఏఐ కోర్సు చూశాం, పదివేలు అడ్వాన్స్ కూడా కట్టాం. రిజైన్ చేయించమంటారా? రెండూ పోల్చి చెప్పండి."

నమస్కారం అండి. రిజైన్ చేయించొద్దు. ముందే చెప్పేస్తున్నా, మిగతాది నెమ్మదిగా చదవండి.

ఈ ప్రశ్న నాకు కొత్తేం కాదు, ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్‌లో వేశారని వచ్చేవాళ్ళు, తర్వాత టెస్టింగ్ అని, సపోర్ట్ అని, ఇప్పుడు ఇది. లోపల భయం మాత్రం ఒకటే, మన పిల్ల వెనకబడిపోతుందేమో, పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోవాలి అని.

ఆ అబ్బాయి చెప్పిందాంట్లో కొంచెం నిజం ఉంది. ఎక్స్‌ఎంఎల్ అంటే ఒక్కో సమాచారానికి పేరున్న ట్యాగ్ తగిలించి రాసే పద్ధతి, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అంటే అలా రాసిన ఫైల్‌ని ఇంకో రూపంలోకి మార్చే భాష. ఎక్స్‌ఎంఎల్ 1998లో వచ్చిన స్టాండర్డ్, మొబైల్ యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే చోట చాలావరకు జేసన్ అనే ఇంకో ఫార్మాట్ దాని ప్లేస్ తీసేసుకుంది. కానీ మీ ఇంట్లో కంప్యూటర్‌లో వర్డ్‌లో టైప్ చేసిన లెటర్ ఏదైనా కాపీ తీసి, పేరు చివర డాక్‌ఎక్స్ అని ఉన్నచోట జిప్ అని మార్చి తెరిచి చూడండి, లోపల వర్డ్ అనే ఫోల్డర్‌లో మీరు రాసిన ప్రతి మాటా ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటుంది. మీరు టీ కొట్టు దగ్గర ఫోన్‌తో డబ్బులు కొడతారు కదా, యూపీఐ వెనక బ్యాంకులకీ, దాన్ని నడిపే సంస్థ ఎన్‌పీసీఐకీ మధ్య నడిచే మెసేజ్‌లకి స్పెసిఫికేషన్ రాసింది కూడా ఎక్స్‌ఎంఎల్‌లోనే.

ఇక మీ అమ్మాయి పని. దేశాల మధ్య డబ్బు పంపడానికి బ్యాంకులు ఏళ్ళ తరబడి ఎంటీ 103 అనే పాత మెసేజ్ వాడాయి, దాని బదులు ఐఎస్‌ఓ 20022 స్టాండర్డ్‌లో పాక్స్ 008 అనే కొత్త మెసేజ్ వచ్చింది, అది ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటుంది. బ్యాంకుల మధ్య ఈ మెసేజ్‌లు మోసే నెట్‌వర్క్ స్విఫ్ట్‌లో ఇది 2023 మార్చిలో మొదలైన మార్పు, పాతా కొత్తా కలిసి నడిచే గడువు 2025 నవంబర్‌లో అయిపోయింది. పాతదాంట్లో "రామాలయం వెనక, పాత బస్టాండు దగ్గర, ఖమ్మం" అని లైన్లుగా రాసేస్తే సరిపోయేది, కొత్తదాంట్లో ఊరికో ట్యాగ్, దేశానికో ట్యాగ్ విడిగా ఉన్నాయి, బ్యాంకులు అలా విడగొట్టి రాయడం వైపే వెళ్తున్నాయి. మన అడ్రసులు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా, అందులోంచి ఊరు పేరు తప్పు లేకుండా బయటికి తీయడం చిన్న పని కాదండి. ఇంకోటి, కంపెనీ పేరులో మామూలు & గుర్తు ఉంటే, దాన్ని ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో మార్చి రాయకపోతే ఫైల్ చదివే ప్రోగ్రామ్, అదే పార్సర్, మొత్తం ఫైల్నే తీసుకోదు. ఈ ట్యాగ్‌లు ఏ స్టాండర్డ్‌వో చెప్పే నేమ్‌స్పేస్‌లో వెర్షన్ నంబర్ తేడా వస్తే ఇంకా కష్టం, ఫైల్లో కావాల్సింది వెతికి తెచ్చే ఎక్స్‌పాత్ ఎర్రర్ కూడా చూపించదు, ఊరికే ఖాళీ తెస్తుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా దానికోసమే వెతుక్కున్న పిల్లల్ని చూశాను. ఇవన్నీ పట్టుకోగలిగే మనిషికి బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో విలువ ఉంది.

ఇప్పుడు ఆ కోర్సు సంగతి, ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతా. మూడు నెలల్లో ఏఐ ఇంజనీర్ని చేస్తామంటే నాకు నమ్మకం లేదు. అలాంటి సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చిన పిల్లల్ని ఒక మామూలు డేటా ఫైల్ ఇచ్చి ఇందులో తప్పెక్కడుందో చూడు అంటే బిత్తరపోయారు, వాళ్ళ తప్పు కాదు, ఎవరో రాసిచ్చిన కోడ్‌ని రన్ చేయడమే వాళ్ళకి నేర్పింది, ఆ టూల్స్ కూడా ఆర్నెల్లకోసారి మారిపోతున్నాయి. ఏఐ వద్దనట్లేదండి, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ టెంప్లేట్ ఇప్పుడు ఏఐ నిమిషంలో రాసిస్తుంది, మీ అమ్మాయి ఆఫీసులో ఒప్పుకుంటే అలా వాడటం నేర్చుకోవాలి కూడా. కానీ వచ్చిన ఫైల్‌ని స్కీమాతో, అంటే ఏ ట్యాగ్ ఎక్కడ ఉండాలో చెప్పే రూల్స్ ఫైల్‌తో, చెక్ చేసి, బ్యాంకు ఎందుకు రిజెక్ట్ చేసిందో చెప్పడానికి ఆ పని తెలిసిన మనిషి కావాలి, అది చేతిలో ఉన్న ఉద్యోగంలోనే వస్తుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఎనిమిది నెలల నుంచి సొంతంగా సంపాదించుకుంటున్న పిల్లకి అడక్కుండా మీరు అడ్వాన్స్ కట్టేశారు. మీ ఉత్తరంలో బంధువులబ్బాయి ఏమన్నాడో ఉంది, ఫీజెంతో ఉంది, ఆ అమ్మాయికి ఆ పని నచ్చిందా లేదా అన్నది ఒక్క ముక్క లేదు. అది తప్పండి.

జాగ్రత్త పడాల్సింది లేదా అంటే ఉంది. మూడేళ్ళయినా ఇక్కడి ఫీల్డు అక్కడ పెట్టే మ్యాపింగ్ ఒక్కటే చేస్తూ కూర్చుంటే ఇరుక్కుపోతుంది, కాబట్టి జావా గానీ పైథాన్ గానీ గట్టిగా పట్టుకోమనండి, పేమెంట్ ఎక్కడ మొదలై ఎక్కడ సెటిల్ అవుతుందో టీమ్‌లో సీనియర్లని అడిగి తెలుసుకోమనండి. రెండేళ్ళు నిండాక కంపెనీ మారాలనిపిస్తే అప్పుడు చూద్దాం, తననే మాట్లాడమనండి నాతో.

ఆ పదివేల రసీదు వెనక రిఫండ్ గురించి ఏం రాశారో చూసి, క్లాసులు మొదలవకముందే వెళ్ళి అడగండి, లెటర్ రాసిచ్చి దాని కాపీ మీద స్టాంప్ వేయించుకోండి.